ఆమె ఓపికకు కూలి ఎంత?

‘కస్టమర్ సర్వీస్’ అనే మాట వినగానే మన కథల్లో, వ్యాసాల్లో ఒక అమ్మాయి ప్రత్యక్షమవుతుంది. ఆమె హైదరాబాదులో ఉంటుంది. రాత్రిపూట కంపెనీ కారెక్కుతుంది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఉచ్చారణ మార్చుకుని, ఒక్కోసారి పేరు కూడా మార్చుకుని అమెరికాలో ఎవరిదో క్రెడిట్ కార్డు గురించి మాట్లాడుతుంది. 2000 తర్వాత పదేళ్ళపాటు ప్రపంచీకరణ గురించి రాసిన వాళ్ళందరికీ ఆ అమ్మాయి ఉపయోగపడింది. ఆమె నిద్ర గురించి, భద్రత గురించి, అరువు గొంతు గురించి రాశాం. రాయవలసిందే. కానీ అవే సంవత్సరాల్లో, అదే రాష్ట్రంలో, హైదరాబాదుకు 300 కిలోమీటర్ల అవతల, ఖమ్మం జిల్లా అడవి అంచు ఊళ్ళలో ప్రభుత్వమే ఆడవాళ్ళను పిలిచి కస్టమర్ సర్వీసులో కూర్చోబెట్టిందని మనలో ఎంతమందిమి గమనించాం?

అలంకారం కోసం అనడం లేదు. ఆ పని పేరే అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు స్మార్ట్ కార్డుల ద్వారా పంచాలని 2006లో ఒక పథకం మొదలైంది. అందులో ఊళ్ళో కూర్చుని, వేలిముద్ర తీసుకుని, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టే మనిషికి కాగితాల మీద ఇచ్చిన పేరు ‘కస్టమర్ సర్వీస్ ప్రొవైడర్’. పొట్టిగా సి.ఎస్.పి. పైన బ్యాంకు, బ్యాంకు కింద ఒక సాంకేతిక సంస్థ, ఆ సంస్థ కింద ఈమె. ఈమె ఎవరై ఉండాలో ప్రభుత్వం ముందే రాసిపెట్టింది. స్త్రీ అయి ఉండాలి. ఆ ఊరి మనిషే అయి ఉండాలి. హైస్కూలు చదువు పూర్తిచేసి ఉండాలి. స్వయం సహాయక సంఘంలో సభ్యురాలై ఉండాలి. ఊరి అధికారులకు చుట్టం కాకూడదు. అణగారిన కులాల మనిషైతే మరీ మంచిది.

చదవగానే సంతోషం కలిగే జాబితా ఇది. ఇంకోసారి చదివితే మాత్రం ఒక ప్రశ్న వస్తుంది. ఆ ఊరి ఆడమనిషే కావాలని ప్రభుత్వం ఎందుకంత పట్టుబట్టింది? ఆమె మీది గౌరవంతోనా, ఆమె దగ్గర ఊరికే దొరికే దేనికోసమైనానా?

నా జవాబు రెండోది. ఊరికే దొరికేది ఓపిక. పట్నంలో కాల్‌సెంటర్ యజమాని ఓపికను శిక్షణ ఇచ్చి తయారుచేయించుకుంటాడు, దానికి ఎంతో కొంత జీతం ఇస్తాడు. అడవి అంచున ఆ ఖర్చు లేదు. పెద్దమ్మా, వదినా, అవ్వా అని పిలిచే నోరు, తిట్టినా పడే అలవాటు, ఎండన పడి వచ్చిన ముసలామెను మంచినీళ్ళివ్వకుండా పంపలేని పెంపకం ఆమెతోపాటే ఉచితంగా వచ్చేశాయి. చుట్టరికాన్ని తెచ్చి కౌంటరు చేశారు. దానికి స్త్రీ సాధికారత అని పేరు పెట్టారు. నా తగాదా ఆ పేరుతోనే.

ముందు ఆ పథకం వల్ల జరిగిన మేలు చెప్పాలి. అది దాచిపెట్టి వాదిస్తే వాదన తేలిపోతుంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2010 నుంచి 2012 దాకా 8 జిల్లాల్లో, 157 మండలాల్లో ఈ పథకాన్ని పరిశీలించారు. ఆ 8 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. వాళ్ళ వ్యాసం 2016లో ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’లో వచ్చింది. ఉపాధి కూలి తొందరగా అందింది. ఆ పనుల మీద కూలీలకు వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది. మధ్యలో మాయమయ్యే డబ్బు 41 శాతం తగ్గింది. పోస్టాఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన వాళ్ళకు ఇదెంత పెద్ద మార్పో ఏజెన్సీలో ఎవరినడిగినా చెప్తారు.

ఆ వ్యాసంలో ఇంకో లెక్క ఉంది. డబ్బు తీసుకోవడానికి కూలీలకు పట్టే సమయం తగ్గింది కదా, అలా మిగిలిన సమయానికి విలువ కడితే, అదొక్కటే ఈ పథకానికైన ఖర్చుకు సమానమైందట. మంచి లెక్క. క్యూలో నిలబడ్డ ఆదివాసీ స్త్రీ సమయానికి కూడా ధర ఉందని ఒప్పుకున్నందుకు వాళ్ళకు నమస్కారం. కానీ ఆ సమయం ఎలా మిగిలింది? ఆకాశం నుంచి ఊడిపడలేదు. బల్లకు ఇవతల కూర్చున్న ఇంకో స్త్రీ తన సమయం పోసి మిగిల్చింది. పొయ్యి మీది అన్నం దించీ దించకుండా వచ్చి కూర్చున్న పొద్దు, మిషను చార్జింగు పెట్టుకోవడానికి కరెంటున్న ఇల్లు వెతుక్కున్న పొద్దు, రాత్రి పిల్లలు పడుకున్నాక లెక్క సరిచూసుకున్న పొద్దు ఎవరి ఖర్చులో రాసినట్టు? ఆ 41 శాతం సభల్లోకి, పత్రికల్లోకి, పాలసీ పత్రాల్లోకి వచ్చింది. ఆ అంకెను మోసిన మనిషి రాలేదు.

2018లో కోయ స్త్రీల మౌఖిక కథనాల మీద పనిచేస్తూ, దుమ్ముగూడెం దాటాక చర్ల వైపు ఉన్న ఒక గూడెంలో కొన్నాళ్ళు ఉన్నాను. అప్పటికి రాష్ట్రం విడిపోయింది. 2016లో జిల్లా కూడా చీలి భద్రాద్రి కొత్తగూడెం అయింది. స్మార్ట్ కార్డులు పోయి ఆధార్ వేలిముద్రలు వచ్చాయి. సి.ఎస్.పి. అన్న పేరు కూడా పాతబడి ‘బ్యాంక్ మిత్ర’ వచ్చింది. కంపెనీలు మారాయి, మిషన్లు మారాయి, మనిషి మారలేదు. నేను చూసినామె కార్డుల కాలంలోనూ చేసింది, అప్పుడూ చేస్తోంది. ఊళ్ళో ఆమెను పిలిచే పేరు ‘వేలిముద్రల పిల్ల’. ఆ పిల్లకు ఇద్దరు పిల్లలు, పెద్దవాడు హాస్టల్లో ఏడో తరగతి.

అది తునికాకు మొదలైన రోజులు. అంతకు ముందు మిర్చి కోతలు. మిర్చి తెంపి తెంపి, ఆకు కట్టలు కట్టి కట్టి గీతలు అరిగిపోయిన చేతులన్నీ ఆమె బల్ల ముందు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక ముసలామె కుడిచేతి వేళ్ళన్నీ పెట్టింది, పడలేదు. ఎడమచేతివి పెట్టింది, పడలేదు. ఈమె లేచి నీళ్ళు తెచ్చి చేతులు కడిగించి, తన కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టించింది. పడలేదు. ముసలామెకు కోపం వచ్చింది. “నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్నప్పటి సంది ఎరిగినదాన్ని. నా వేలు నీకు తెలవదా?” ఈమె నవ్వింది. “నాకు తెలుసు అవ్వా. మిషనుకే తెలవదు.”

ఆ జవాబు వెనక ఎంత పని ఉందో చూడండి. తప్పు మిషనుది. కాదంటే నెట్‌వర్కుది, ఏ మహానగరంలోనో చల్లటి గదిలో ఉన్న సర్వరుది. జీవితమంతా చేతులతో బతికిన మనిషిని ఆ చేతులతోనే రుజువు చూపించమన్న ఆలోచనది. కానీ ఆ తప్పుకు పెట్టిన ముఖం ఈమెది. ముసలామె తిట్టేది సర్వరును కాదు. వచ్చే సంతలో ముఖం తిప్పుకునేదీ, చావుకో పెళ్ళికో కలిసినప్పుడు ఎత్తిపొడిచేదీ సర్వరును కాదు. ఆమెను నవ్వించి, సర్దిచెప్పి, మనవడి సంగతి అడిగి, శనివారం పొద్దున్నే చేతులు చల్లగా ఉన్నప్పుడు రమ్మని పంపడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటకు ఈమెకు ముట్టింది సున్నా.

అసలు సంగతి ఇక్కడుంది. రిజర్వు బ్యాంకు 2006 జనవరిలో బ్యాంకులు తమ శాఖల బయట ప్రతినిధుల ద్వారా పని చేయించుకోవచ్చని అనుమతిచ్చింది. ఆ తర్వాత పెరిగిన ఈ గొలుసులో చివరి మనిషి బతుకు ఎక్కువగా కమీషన్ మీద నడుస్తుంది. వేలు పడి డబ్బు చేతికిస్తే కమీషన్. వేలు పడకపోతే లేదు. సిగ్నల్ పోయి లావాదేవీ మధ్యలో ఆగితే లేదు. ‘నీ కూలి ఇంకా ఖాతాలో పడలేదు పిన్నీ’ అని చెప్తే లేదు. అంటే ‘ఉంది’ అని చెప్పినందుకు డబ్బిస్తారు, ‘లేదు’ అని చెప్పినందుకు ఇవ్వరు. ‘ఉంది’ అని చెప్పడానికి ఏం కష్టం? అదెవరైనా చెప్తారు, పట్నంలో గోడకున్న పెట్టె కూడా చెప్తుంది. కష్టమంతా ‘లేదు’లోనే ఉంది. ప్రపంచంలో ఎక్కడైనా కస్టమర్ సర్వీస్ అంటే సగానికి సగం తనది కాని తప్పుకు తాను క్షమాపణ చెప్పడం. హైదరాబాదు అమ్మాయికి అమెరికావాడి తిట్లు తిన్న గంటకు కూడా జీతముంది. తక్కువైనా, రాత్రిదైనా ఉంది. చర్ల దారిలో ఈమెకు తిట్లు తిన్న గంట లెక్కలోనే లేదు. ఓపిక ఎంత ఎక్కువ పట్టే పనైతే కూలి అంత తక్కువ. ఇది ఎవరి పొరపాటూ కాదు. ఓపిక ఆడవాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది, దానికి వేరే వెల కట్టక్కర్లేదు అన్న పాత నమ్మకం మీద కట్టిన కొత్త ఏర్పాటు.

నగదు సంగతి వేరే చెప్పాలి. పంచే డబ్బు ఆమే వెళ్ళి తెచ్చుకోవాలి. ఆటోలో, అడవి దారిలో, కూరగాయల సంచి అడుగున పెట్టుకుని తెచ్చేది. పంపకంలో తేడా వస్తే ఆమే కట్టుకోవాలి. డబ్బు మోసుకెళ్ళే మనిషిని ఆ దారిలో పోలీసులూ అడుగుతారు, ఇతరులూ అడుగుతారు. ఇవేవీ ‘సర్వీస్’ అన్న మాటలో కనిపించవు.

మనలో చాలామందికి ఈ సందర్భంలో అర్లీ హోక్‌షీల్డ్ గుర్తుకొస్తుంది. 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’లో ఆమె విమాన పరిచారికల నవ్వును శ్రమగా చూపించింది. నవ్వడం స్వభావం కాదు, పని అని చెప్పింది. ఆ మాట మనకెంతో అక్కరకొచ్చింది. కానీ అందులో ఒక ఊహ ఉంది. ఇంట్లో నవ్వు వేరు, కొలువులో నవ్వు వేరు, మొదటిదాన్ని తెచ్చి రెండోచోట అమ్ముకుంటున్నారు అని. విమానం దిగాక ప్రయాణికుడు ఎవరో, ఆమె ఎవరో. అడవి అంచు ఊళ్ళో దిగే విమానం లేదు. కస్టమరే మేనత్త. రాత్రి తొమ్మిదింటికి తలుపు కొట్టి ‘మిషను తియ్యి, పిల్లకు జ్వరం’ అంటే, పని వేళ అయిపోయిందని చెప్పడానికి వీల్లేదు. చెప్తే ఉద్యోగం పోదు, చుట్టరికం పోతుంది. మన సిద్ధాంతాలు విమానంలో పుట్టాయి కాబట్టి ఈ ఊరి వరకు రావాలంటే వాటికి కొంత నడక అవసరం.

భాష దగ్గర కూడా ఆగాలి. సాహిత్యం చదువుకున్నదాన్ని గనక నాకక్కడ ఎక్కువ మంటగా ఉంటుంది. 2005 చట్టం కూలీకి పని హక్కు అంది, పనిచేసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలంది, ఆలస్యమైతే పరిహారమంది. అంటే కూలి కోసం వచ్చినామె హక్కుదారు. ఆఫీసు కాగితాల్లో ఆమె లబ్ధిదారు అయింది. బ్యాంకు లెక్కలో ఖాతాదారు అయింది. కంపెనీ వాడుకలో కస్టమర్ అయింది. హక్కుదారు అయితే నిలదీయవచ్చు. కస్టమర్‌కు మిగిలేది ఫిర్యాదు, అదీ ఎదురుగా ఉన్న వేలిముద్రల పిల్లకే చెప్పుకోవాలి. పైగా ‘ఖాతా’ అనే మాట ఏజెన్సీలో ఏమంత మంచి మాట కాదు. షావుకారు పుస్తకంలో పేరెక్కడాన్నే అక్కడ తరతరాలుగా ఖాతా అన్నారు.

కుంఫిణీ కాలంలో దుబాసీలుండేవాళ్ళు. తెల్లదొరకూ జనానికీ మధ్య మాట మార్చి, ఆ సందులో మేడలు కట్టారు. ఈమె కూడా దుబాసీయే. బ్యాంకు నుంచి వచ్చే సందేశం ఇంగ్లీషులో ఉంటుంది, ఆడిటుకు వచ్చినాయన తెలుగులో మాట్లాడతాడు, ముసలామె కోయలో అడుగుతుంది. మూడింటినీ ఈమె ఒక నోటితో నడిపిస్తుంది. బ్యాంకు ఫోన్‌లైన్లలో తెలుగుకు ఒక అంకె, హిందీకి ఒక అంకె నొక్కమంటారు. కోయకు నొక్కే అంకె లేదు. ఆ అంకె ఈమె. 2005 తర్వాత సల్వాజుడుం భయానికి బస్తరు నుంచి ఇటు దాటి వచ్చిన గొత్తికోయలు బల్ల దగ్గరికి వస్తే వాళ్ళతో మాట్లాడగలిగిందీ ఈమే. వాళ్ళలో చాలామంది దగ్గర కాగితాలు లేవు కాబట్టి, వాళ్ళకు వాళ్ళ భాషలో ‘లేదు’ అని చెప్పవలసి వచ్చిందీ ఈమెకే. రాజ్యం తన తిరస్కారాన్ని ఇంత ఆప్యాయమైన గొంతుతో చెప్పించుకోవడం నేనెక్కడా వినలేదు.

ఈ మాటలే ఒక సదస్సులో అంటే ఒక సీనియర్ అధ్యాపకురాలు నన్ను ఆపింది. “అంతా శ్రమదోపిడీ అంటే ఎలా? ఆమెకు కుర్చీ వచ్చింది కదా. ఊళ్ళో గౌరవం వచ్చింది కదా” అంది. నిజమే, వచ్చింది. ఆ గూడెంలో ఆమే నాతో అంది: “ఇదివరకు సర్పంచు ఇంటి ముందు నేను నిలబడేదాన్ని. ఇప్పుడాయనే వచ్చి నా ముందు వేలు పెట్టిండు.” ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ ఆ కుర్చీని చిన్నబుచ్చలేరు. నేనూ చిన్నబుచ్చడం లేదు. కానీ కుర్చీ ఇచ్చాం కాబట్టి కూలి ఇవ్వక్కర్లేదు అనే వాదన మనకు కొత్తది కాదు. ఇల్లాలికి చెప్పింది కూడా అదే కదా, ఇంటి పెత్తనం నీది, జీతమెందుకు అని. గౌరవాన్ని వేతనానికి బదులు చెల్లించే ఆచారం ఇంట్లోంచి ప్రభుత్వంలోకి వచ్చింది, అంతే. అదే సదస్సులో మాట్లాడిన మాకందరికీ గౌరవంతోపాటు కవర్లో పారితోషికం కూడా ఇచ్చారు.

గోదావరి దిగువకు వెళ్ళి చూడండి. చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు 2014 దాకా ఖమ్మం జిల్లా మండలాలే. పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2019 ఆగస్టు 15 నుంచి ఆ రాష్ట్రంలో 50 ఇళ్ళకొక వాలంటీరు వచ్చి, పింఛను గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చారు. నెలకు 5,000 రూపాయలు. 2021లో పెంచమని అడిగితే, ఇది ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ అని పైనుంచి జవాబు వచ్చింది. 2024 జులైలో పింఛన్లు సచివాలయ ఉద్యోగుల చేతికి వెళ్ళాయి, వాలంటీర్లు ఇళ్ళకు వెళ్ళారు. ఉద్యోగం తీసెయ్యాలంటే కారణం చెప్పాలి. సేవకు ఆ బాధ లేదు.

ఉత్తరాన సరిహద్దు అవతల, ఛత్తీస్‌గఢ్‌లో ఇదే పద్ధతి ఇంకెంత దూరం పోయిందో కూడా మనకు తెలుసు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ఆదివాసీ కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి తుపాకులిచ్చి నిలబెట్టారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. తుపాకీకీ వేలిముద్ర మిషనుకూ పోలికేమిటంటారా? వస్తువుల్లో పోలిక లేదు. ‘ఈ ఊరి మనిషి’ కావడాన్నే అర్హత చేసి, ఆ అర్హతను చవగ్గా కొనుక్కోవడంలో ఉంది.

గౌరవ వేతనం అన్న మాట చిరకాలం నిలవదని కూడా చూశాం. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, వాళ్ళకిచ్చే ‘గౌరవ వేతనం’ ఆ చట్టం దృష్టిలో వేతనమే అంది. ఆ తీర్పు వెనక ఎన్నేళ్ళ ధర్నాలున్నాయో చెప్పక్కర్లేదు. బ్యాంక్ మిత్రల వెనక అలాంటి బలం లేదు. ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్ళో ఒంటరి, ఒకరినొకరు చూసుకునేది నగదు తెచ్చుకునే చోట మాత్రమే. నేనడిగేది చాలా చిన్నది. పడిన వేలికి కట్టిన కూలి పడని వేలికీ కట్టండి. బల్ల దగ్గర ఎన్ని గంటలు కూర్చుందో ఆ గంటలు లెక్కపెట్టండి. నగదు తేడా వస్తే ఆమె మెడకు చుట్టకండి.

ఇక మన సంగతి. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’లో ఇల్లు తుడుస్తూ తుడుస్తూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలిని మనం ఎన్ని తరగతుల్లో పాఠం చెప్పాం! ‘వేలిముద్రల పిల్ల’కు ఏ కథ రాశాం? 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో ఉత్తరాలు మోసి, కాపలా కాసి, అన్నం వండిన స్త్రీల మాటలు తొలిసారి అచ్చులోకి వచ్చాయి. అంతదాకా ఆ పనులన్నిటికీ ‘సాయం’ అని పేరు. ‘సాయం’ అన్న మాటను అనుమానించడం ఆ పుస్తకం మనకు నేర్పింది. ‘సర్వీస్’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆ అనుమానం ఏమైంది? ఆదివాసీ స్త్రీ మన పరిశోధనల్లో పాటగా వస్తుంది, నిర్వాసితగా వస్తుంది, బాధితగా వస్తుంది. మిషను ముందు కూర్చుని లెక్క రాసుకునే ఉద్యోగినిగా వస్తే మాత్రం మనకు ఆసక్తి తగ్గుతుంది. ఆమె అప్పుడు చాలినంత ఆదివాసీగా కనబడదేమో.

ఆమె లెక్క నిజంగానే రాసుకుంటుంది. గీతల నోటుపుస్తకం. వేలు పడనివాళ్ళ పేర్లు, తేదీ, ఏ వేళ్ళు ప్రయత్నించిందీ, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నదీ అందులో ఉంటాయి. కొన్ని పేర్ల పక్కన చిన్న చిన్న మాటలుంటాయి. ‘కోడలు పంపలేదు.’ ‘మందులకు 200 నేనిచ్చిన.’ ‘గొత్తికోయ, కార్డు లేదు, ఊరికే కూర్చుని పోయింది.’ కోయ మాటలను తెలుగు అక్షరాల్లో తనకు తోచినట్టు రాసింది. నేను చూసేనాటికి అది నాలుగో పుస్తకం. మొదటి మూడూ అటక మీద మూటలో ఉన్నాయంది. ఎవరైనా అడిగి చూశారా అన్నాను. ఆడిటుకు వచ్చినాయనకు చూపించిందట. పడిన వేళ్ళ లెక్క మిషన్లోనే ఉంది, పడనివాటితో తనకు పనిలేదని పుస్తకం తిరిగి ఇచ్చేశాడట.